చాంతబురి (తూర్పు థాయ్‌లాండ్) పండ్ల తోటలు: బఫే తోటలేనా, రైతు ఇంట్లో ఉండి కోత చూసే దారి ఏమైనా ఉందా?

గోదారిగట్టు
అమ్మానాన్న మే రెండో వారంలో బ్యాంకాక్ వస్తున్నారు, మొదటిసారి. గుళ్లూ మాల్సూ నాలుగు రోజుల్లో అయిపోతాయి. నాన్న నలభై ఏళ్లు కొబ్బరి, మామిడి తోటలతోనే బతికిన మనిషి. ఆయనకి ఇక్కడి పండ్ల తోట ఒకటి చూపించాలని నా ఆశ.

పోయినేడు నేను రయోంగ్ వైపు ఒక బఫే తోటకి వెళ్లాను, పేరు రాయను. మనిషికి అయిదువందల భాత్. ట్రాలీలో ఎక్కించి తోటంతా పది నిమిషాల్లో తిప్పేశారు. దిగేసరికి రేకుల షెడ్డు కింద బల్లల మీద అన్నీ కోసి పెట్టి ఉన్నాయి. దురియన్ (పనసలాంటి ముళ్ల పండు) మనిషికి రెండు తొనలు, అవీ గట్టిగా, పచ్చి పనసకాయ కొరికినట్టు. రంబుటాన్లు ఎన్నైనా తినమన్నారు గానీ అప్పటికే చీమలు పట్టేశాయి. ఒక్క చెట్టుని ముట్టుకోలేదు, ఒక్క రైతుతో మాట్లాడలేదు. నాన్నని అలాంటి చోటికి తీసుకెళ్తే ఆయన పైకి ఏమీ అనరు. నాకు మాత్రం తెలిసిపోతుంది.

చాంతబురి అయితే బాగుంటుందని ఆఫీసులో అంటున్నారు. రైతు ఇంట్లో రెండు రోజులు ఉండి కోత చూసే వీలుందా? అమ్మ శాకాహారి, అదో టెన్షన్.

సుకుంవిత్_సూరి
బఫే తోటలన్నీ అలా ఉండవు. మేం పిల్లలతో రెండుసార్లు వెళ్లాం, రెండుసార్లూ కడుపు నిండా తిని వచ్చాం. శనివారం మధ్యాహ్నం వెళ్తే ఎక్కడైనా మిగిలినవే దొరుకుతాయి. మామూలు రోజు పొద్దున్నే తొమ్మిదికల్లా వెళ్లి చూడండి.

చిక్కం_చేత్తో
మీరు తిన్న గట్టి దురియన్ గురించి ఒక మాట. అది లేత కాయ అయ్యుండొచ్చు, కాకపోవచ్చు కూడా. మలేషియాలో పండు దానంతట అదే రాలేదాకా ఆగుతారు. థాయ్‌లాండ్‌లో కాయ ముదరగానే చెట్టెక్కి కోస్తారు, తర్వాత కొన్ని రోజులకి పండుతుంది. పైగా ఇక్కడివాళ్లలో చాలామందికి పైన కరకర, లోపల మెత్తగా ఉంటేనే ఇష్టం. మనకి అది పచ్చిగా అనిపిస్తుంది. ఈసారి బాగా మెత్తబడింది కావాలని అడగండి.

ఇక మీ ప్రశ్న. దారి ఉంది. నేను రెండేళ్ల కిందట చాంతబురి ఊరికి ముప్పావుగంట దూరంలో ఒక తోటలో మూడు రాత్రులు ఉన్నాను. పదిహేను రై తోట, అంటే మన లెక్కలో ఆరెకరాలు (రెండున్నర రై ఒక ఎకరం అనుకోండి). దురియన్, మాంగోస్టీన్, రంబుటాన్, లాంగ్‌కాంగ్ పండ్ల చెట్లు అన్నీ కలిపి ఉన్నాయి. ముసలాయన్ని అందరూ లుంగ్ అంటారు, అంటే పెద్దనాన్న వరస. ఆవిడ పా, పెద్దమ్మ. మేమూ అలాగే పిలిచాం.

కోత చూడాలి అసలు. ఒకడు చెట్టు మీద, ఒకడు కింద. పైవాడు కాయని కర్రతోనో కత్తి వెనకవైపుతోనో తట్టి వింటాడు. లేతకాయ రాయిలా టక్కుమంటుంది, ముదిరినది లోపల డొల్ల ఉన్నట్టు పలుకుతుంది. తొడిమ కోసి కాయ వదిలేస్తాడు. కిందవాడు తడిపిన గోనెసంచి రెండు చేతులా పట్టుకుని, కాయ వచ్చే క్షణంలో దాన్ని సంచిలో చుట్టి పక్కకి ఊపేస్తాడు. మూడు నాలుగు కిలోల ముళ్ల కాయ, నేల తాకదు. అరగంట నోరు తెరుచుకుని చూశాను. మీ నాన్నగారికి నచ్చకపోతే నన్ను అడగండి.

హనుమకొండ_77
@చిక్కం_చేత్తో బాగుంది గానీ మే అంటే వాళ్లకి ఊపిరాడని నెల. మొత్తం ఏడాది డబ్బు ఆ ఆరేడు వారాల్లోనే రావాలి. అప్పుడు ఇంటికి చుట్టాల్లా మనం వెళ్తే ఎవరు పట్టించుకుంటారు? మన మిర్చి రైతు కల్లంలో ఉన్నప్పుడు ఫొటోలు తీసుకుంటామని ఎవరైనా వస్తే ఎలా ఉంటుందో అలాగే.

చిక్కం_చేత్తో
అందుకే ముందు అడిగి వెళ్లాలంటున్నా. మాకు లుంగ్ మొదటి రోజే చెప్పారు: పొద్దున ఆరు నుంచి పది దాకా కోత, మీరు పక్కన నిలబడి చూడండి, చెట్టు కింద నిలబడకండి. ఆ చివరి మాట ఎందుకో కాయ పడినప్పుడు అర్థమైంది.

బందరు_లడ్డు
దురియన్ నెత్తిన పడితే ఇన్సూరెన్స్ వస్తుందా 😄

సుకుంవిత్_సూరి
నెత్తికి కాదు గానీ హోటల్ గదికి ఫైన్ మాత్రం వస్తుంది. దాని ఘాటు వాసనకి, గదిలోకి దురియన్ తేకూడదని లిఫ్టులోనే బొమ్మ పెడతారు. కారు అద్దెకి తీసుకుంటే డిక్కీలో కూడా పెట్టకండి.

గోదారిగట్టు
@హనుమకొండ_77 మీ మాటలో నిజం ఉంది. జూలైకి మార్చలేను, టికెట్లు అయిపోయాయి. @చిక్కం_చేత్తో ఆ తోట వివరాలు విడిగా పంపగలరా? ఇక్కడ పెట్టొద్దు, ఆ పెద్దాయన ఇల్లు జనంతో నిండిపోతుంది.

ఉద్యాన_రమ
ఉద్యానశాస్త్రం చదివి మూడేళ్లుగా ఇక్కడే పనిచేస్తున్నాను, కొంచెం పెద్దగా రాస్తాను.

చాంతబురి, రయోంగ్, త్రాత్ మూడూ పక్కపక్క రాష్ట్రాలు. తూర్పున ఏప్రిల్ చివర నుంచి జూన్ దాకా పండ్లు, దక్షిణాన చుంఫోన్, నఖోన్ సి థమ్మరాత్ వైపు జూలై నుంచి సెప్టెంబర్ దాకా. దురియన్ రకాల్లో ముందు వచ్చేది క్రదుమ్, అంటే గుండీ. పూత నుంచి సుమారు తొంభై రోజులు. తర్వాత చనీ. అందరూ పెట్టేది మోన్‌థోంగ్, బంగారు దిండు అని అర్థం, దానికి సుమారు నూట ఇరవై రోజులు. రైతులు ఏ పూత ఏ వారానిదో గుర్తుండాలని కొమ్మలకి రంగు రంగుల తాళ్లు కడతారు. చెట్టు కింద నిలబడి పైకి చూస్తే రాఖీలు కట్టినట్టుంటుంది.

లేత కాయ అమ్మడం ఇక్కడ నేరం. ఏ రకం ఏ తేదీ నుంచి కోయొచ్చో ఆ రాష్ట్రాలే ఏటా ప్రకటిస్తాయి. ముందే కోస్తే కాయలు తీసుకెళ్లి పరీక్ష చేయించాలి. మోన్‌థోంగ్‌ గుజ్జులో పొడి పదార్థం (నీరు తీసేస్తే మిగిలేది) కనీసం 32 శాతం ఉండాలి.

ఇప్పుడు అసలు సంగతి. చైనా వాళ్లు మోన్‌థోంగ్‌కి మంచి ధర ఇస్తున్న కొద్దీ రైతులు రంబుటాన్, లాంగ్‌కాంగ్ చెట్లు నరికి దాన్నే పెట్టారు. తప్పు పట్టను, అప్పులు తీర్చుకున్నారు, ఇళ్లు కట్టుకున్నారు. కానీ కొనేవాడు ఒక్కడే అయ్యాక వాడి మాటే మాట. 2022లో వియత్నాం తాజా దురియన్‌ని చైనా అనుమతించింది, 2024లో మలేషియాది. 2025 జనవరిలో బేసిక్ యెల్లో 2 అనే రంగు, కాడ్మియం అనే విషలోహం ఉన్నాయేమోనని ప్రతి సరుకుకీ పరీక్ష పత్రం కావాలన్నారు. ప్యాకింగ్ షెడ్ల ముందు లారీలు ఆగిపోయాయి.

తోటకి వచ్చిన మనిషి అలా కాదు. అతనికి అయిదు రకాల పండ్లు కావాలి. దురియన్ తిన్నాక మాంగోస్టీన్, దాని తర్వాత సలాక్. ఎగుమతిదారుకి ఒకే పండు, ఒకే సైజు కావాలి. కాబట్టి పాత కలగలుపు తోటని కాపాడేది ఎవరైనా ఉంటే అది తోటలో కూర్చుని తినేవాడే. నేను దీన్ని గట్టిగా నమ్ముతున్నాను.

హనుమకొండ_77
నమ్మకం సరే, లెక్క చెప్పండి. ఒక తోటకి సీజన్‌లో ఎంతమంది వస్తారు? దాంతో ఆరెకరాలు నిలబడుతుందా?

ఉద్యాన_రమ
నిలబడదు, ప్రధాన ఆదాయం పండు అమ్మితేనే. నేను చెప్పేది వేరే. మాంగోస్టీన్ తొక్క మీద తామరపురుగు గీసిన మచ్చ ఉంటే ఎగుమతి గ్రేడ్ పోతుంది, ధర పడిపోతుంది. లోపల గుజ్జుకి ఏమీ కాదు. తోటలో కూర్చున్నవాడికి ఆ మచ్చతో పనేముంది? గ్రేడింగ్ లేదు, బుట్ట లేదు, లారీ లేదు. రంబుటాన్ అందరికీ ఒకేసారి పండి ధర పడిపోయినప్పుడు కోత కూలి కూడా రాదని చెట్టుకే వదిలేసిన వాళ్లని చూశాను. ఆ చెట్టు కిందే పదిమంది కూర్చుని తింటే అదే లాభం.

తోటమాలి_సత్తెనపల్లి
ఇది మాత్రం కరెక్ట్. మా సైడు మామిడికి మంగు మచ్చ పడితే వ్యాపారి సగం ధర అంటాడు. ఇంట్లో మేం తినేవి అన్నీ అవే, రుచిలో రవ్వంత తేడా లేదు.

కడియం_కుర్రోడు
మా నర్సరీలో రంబుటాన్, మాంగోస్టీన్ మొక్కలు అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. థాయ్‌లాండ్ వెళ్లొచ్చిన ప్రతివాళ్లూ పది గింజలు జేబులో వేసుకొస్తారు. @గోదారిగట్టు మీ నాన్నగారు కూడా తెస్తారు చూడండి.

ఉద్యాన_రమ
దయచేసి వద్దు. ఇండియా ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ 2003 ప్రకారం మొక్కలకీ విత్తనాలకీ అనుమతి, ఆరోగ్య పత్రం రెండూ ఉండాలి. వేరుకుళ్లు తెచ్చే ఫైటాఫ్తోరా లాంటివి పిడికెడు మట్టితో వచ్చేస్తాయి. దురియన్ రైతుని ఇక్కడ అన్నిటికంటే ఏడిపించేది అదే, అందుకే చెట్లని మట్టి దిబ్బల మీద పెడతారు. పైగా మాంగోస్టీన్ గింజ ఎండితే మొలవదు. మొలిచినా కాపుకి ఏడెనిమిదేళ్లు.

కడియం_కుర్రోడు
గింజ ఎండితే మొలవదన్నది నూటికి నూరుపాళ్లు నిజం. మా దగ్గర గోదావరి జిల్లాల మే ఎండకి మాంగోస్టీన్ ఆకు మాడిపోతుంది, కొబ్బరి నీడలో పెట్టమని చెప్తున్నాం. నీలగిరుల్లో కల్లార్, బర్లియార్ ప్రభుత్వ తోటల్లో బాగా కాస్తుంది, అక్కడ తేమ వేరు.

బందరు_లడ్డు
దురియన్ వేడి చేస్తుందంటారు కదా, మే నెలలో అదెలా తింటారండీ బాబూ?

పద్మక్క_పట్టాయ
అందుకే పక్కన మాంగోస్టీన్ పెడతారు. ఇక్కడివాళ్లకీ అదే లెక్క, దురియన్ వేడి, మాంగోస్టీన్ చలవ. మా పక్కింటావిడ దురియన్ తిన్నాక ఉప్పునీళ్లు తాగమంటుంది. మామిడిపండు తిన్నాక మజ్జిగ తాగమనే మా అత్తగారే గుర్తొస్తారు. మందు తాగి మాత్రం దురియన్ జోలికి వెళ్లొద్దు, ఇది అందరూ చెప్తారు.

అమ్మగారి భోజనం గురించి ఎవరూ చెప్పలేదు. "జె" అనే మాట నేర్చుకోండి, మాంసం, చేప, గుడ్డు లేకుండా అని. జె అన్నాక ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. లేకపోతే ఏ కూరలోనైనా చేపల నీళ్లు పడతాయి. చాంతబురిలో చముఆంగ్ అని పుల్లటి ఆకు ఉంటుంది, వాళ్లు పంది మాంసంతో వండుతారు. మేం ఆకు మాత్రం కోసుకొచ్చి కందిపప్పులో వేశాం. చింతచిగురు పప్పుకి అన్నదమ్ముడే. ఒక పచ్చడి సీసా, చిన్న రైస్ కుక్కర్ పట్టుకెళ్లండి.

గోదారిగట్టు
@పద్మక్క_పట్టాయ అక్కా, ఇది నాకు బంగారం లాంటి సమాచారం. అమ్మకి చెప్పగానే పప్పు సర్దడం మొదలుపెట్టింది.

కొండదారి
అందరూ తూర్పే అంటున్నారు, నేను దక్షిణం గురించి చెప్తాను. నఖోన్ సి థమ్మరాత్ దగ్గర ఖావో లువాంగ్ కొండ కింద ఖిరివోంగ్ అని ఊరు. 1988 నవంబర్ వరదలో కొండ మీది నుంచి మట్టి, దుంగలు వచ్చి ఊరిని ముంచేశాయి. ఆ తర్వాత కొండ చెట్లు ఉంటేనే ఊరు ఉంటుందన్నది వాళ్ల బతుకులో భాగమైపోయింది. తొంభైల్లో వాళ్లే కమిటీ వేసుకుని ఇళ్లల్లో అతిథుల్ని పెట్టుకోవడం మొదలుపెట్టారు. ఏ ఇంటికి ఎవరు వెళ్లాలో వంతుల వారీగా కమిటీయే పంపుతుంది, వచ్చిన డబ్బులో కొంత ఊరికి పోతుంది.

అక్కడి తోటని సువాన్ సోమ్రోమ్ అంటారు, కలగాపులగం తోట. కొండవాలులో దురియన్ పక్కన మాంగోస్టీన్, దాని కింద లాంగ్‌కాంగ్, మధ్యలో సతో అనే ఘాటు చిక్కుడు చెట్లు. వరసలు లేవు, కొలతలు లేవు. నన్ను తీసుకెళ్లినాయన వెనక బుట్టలు కట్టిన బైకు మీద ఆ వాలు దిగుతుంటే నేను కళ్లు మూసుకున్నాను. పైన ఒక చెట్టు చూపించి ఇది మా తాత పెట్టింది, అది ఎవరు పెట్టారో తెలియదు అన్నారు.

నేను పండు సీజన్‌లో వెళ్లలేదు. ఆకులు, పళ్ల తొక్కలతో గుడ్డకి రంగులు వేయడం నేర్పారు. మాంగోస్టీన్ తొక్కతోనూ, సతో కాయ తొక్కతోనూ వచ్చే రంగులు వేరువేరు. సీజన్ లేనప్పుడు కూడా ఊరికి పని ఉండాలంటే ఇలాంటిది కావాలి. @హనుమకొండ_77 మీ లెక్కకి ఇది ఒక జవాబు.

హనుమకొండ_77
ఇది ఒప్పుకుంటాను. ఒక్కో రైతు విడిగా చేస్తే అతిథుల కోసం బోర్డుల పోటీ. ఊరంతా కలిసి వంతులు వేసుకుంటే కోతలో ఉన్నవాడి మీద భారం పడదు. మన దగ్గర అలా వంతులకి ఒప్పుకోవడమే కష్టం.

తోటమాలి_సత్తెనపల్లి
నీళ్ల సొసైటీలో వంతులు పాటించడం లేదా అన్నా? ఇదీ అంతే.

సుకుంవిత్_సూరి
పెద్దవాళ్లతో కొండ ఎక్కడం కష్టమైతే అంఫవా చూడండి, సముత్ సోంగ్‌ఖ్రామ్‌లో, బ్యాంకాక్‌కి గంటన్నర. కాలువల మధ్య మట్టి గట్ల మీద కొబ్బరి, పంపరపనస, లిచీ. పడవలోనే తోటలోకి వెళ్తారు. కొబ్బరి పూతపాళ కోసి తీసిన నీరాతో అక్కడే బెల్లం కాస్తారు. కోనసీమ మనిషికి పుట్టిల్లులా ఉంటుంది. లిచీని మాత్రం నమ్ముకోకండి, చలి సరిగా పడని ఏడాది అసలు పూయదు.

చిక్కం_చేత్తో
తూర్పు వెళ్లేవాళ్లు ఇంకో రెండు తెలుసుకోండి. చాంతబురిలో కేంగ్ హాంగ్ మేవ్ వైపు అడవి ఏనుగులు తోటల్లో పడుతున్నాయి, రాత్రిళ్లు టార్చి వేసుకుని తిరగొద్దు. రెండోది కూలీలు. 2025లో కంబోడియా సరిహద్దు మూసుకున్నాక వేలమంది వెనక్కి వెళ్లిపోయారు. లోంగన్ (లిచీ లాంటి చిన్న పండు) తోటలు ఎక్కువున్న సోయ్ దావ్, పోంగ్ నామ్ రోన్‌లో కోతకి మనుషులు దొరకలేదు. ఇంట్లో అందరూ పనిలో ఉంటారు. అతిథిగా వెళ్లి పళ్లెం ముందు కూర్చుంటే బాగుండదు, చేతనైన పని అందుకోండి.

పద్మక్క_పట్టాయ
బట్టల మాట మర్చిపోయారు. మాంగోస్టీన్ తొక్క ఊదారంగు అంటితే జన్మలో పోదు. ముదురు రంగు చీర కట్టుకోమనండి.

(మూడు వారాల తర్వాత)

గోదారిగట్టు
వెళ్లొచ్చాం. చెప్పకపోతే మీ అందరికీ అన్యాయం చేసినట్టే.

ఎక్కమాయ్ బస్టాండ్ నుంచి చాంతబురి నాలుగు గంటలు పట్టింది. @చిక్కం_చేత్తో చెప్పిన లుంగ్ ఇంట్లోనే రెండు రాత్రులు. మొదటి పొద్దున నాన్న ఆరింటికల్లా లేచి చెట్ల కిందకి కాదు, నీళ్ల పైపుల దగ్గరకి వెళ్లిపోయారు. ప్రతి చెట్టు చుట్టూ తిరిగే చిన్న స్ప్రింక్లర్లు, వాటి వాల్వులు, చెరువు. లుంగ్‌కి తెలుగు రాదు, నాన్నకి థాయ్ రాదు. నేను ఫోన్లో అనువాదం పెట్టబోతే ఇద్దరూ పట్టించుకోలేదు. వేళ్లతో అడుగులు కొలిచి చూపించుకుంటున్నారు. 2024 ఎండల్లో ఆ చెరువు అడుగంటితే ట్యాంకర్లతో నీళ్లు కొన్నారట. ఆ మాట నేను అనువదించి చెప్పగానే నాన్న ఆయన భుజం మీద చెయ్యి వేశారు.

మాంగోస్టీన్ కోతకి వాళ్ల చేతిలో పొడుగు కర్ర, చివర గుడ్డ సంచి. అచ్చం మన చిక్కం. కాయ కింద పడితే తొక్క రాయిలా బిగుసుకుపోయి విప్పడానికి రాదట, అందుకే ఒక్కటీ పడనివ్వరు. నాన్న అడిగి తీసుకుని ఇరవై కాయలు కోశారు, ఒక్కటి కూడా పడలేదు. పా చప్పట్లు కొట్టారు. కాయ అడుగున పువ్వులా ఉండే గుర్తుకి ఎన్ని రేకులుంటే లోపల అన్ని తొనలని ఆవిడ చూపించారు. మా అమ్మాయి ఆ సాయంత్రమంతా లెక్కపెడుతూనే ఉంది.

దురియన్ పట్టుకునే గోనెసంచి కూడా అడిగారు నాన్న. లుంగ్ నవ్వి తల అడ్డంగా ఊపారు. నేనూ ఊపిరి పీల్చుకున్నాను.

@హనుమకొండ_77 మీరన్నదీ నిజమే. రెండో రోజు సరుకు బండి త్వరగా వచ్చింది, ఇంట్లో ఎవరికీ మాతో మాట్లాడే తీరిక లేదు. అమ్మ, నేనూ రంబుటాన్ గుత్తులు విడదీసి బుట్టలకి ఎత్తాం. మధ్యాహ్నం పా వచ్చి అమ్మ పక్కన కూర్చుని చముఆంగ్ పప్పు రెండుసార్లు వడ్డించుకున్నారు.

హనుమకొండ_77
చదువుతుంటే సంతోషంగా ఉంది. నీళ్ల పైపుల దగ్గరకి వెళ్లిన మీ నాన్నగారు అసలైన రైతు.

ఉద్యాన_రమ
ఆ తోటలో రంబుటాన్ చెట్లు ఇంకా ఉన్నాయన్నమాట. అది వినడానికే అడుగుదామనుకున్నా.

గోదారిగట్టు
ఉన్నాయి. గట్టు పక్క వరస మొత్తం. పోయినేడు కొట్టేసి మోన్‌థోంగ్ పెడదామని కొడుకు అన్నాడట, లుంగ్ ఒప్పుకోలేదట.

బందరు_లడ్డు
అన్నీ చెప్పారు, అమ్మగారు దురియన్ తిన్నారా లేదా?

గోదారిగట్టు
రెండో రోజు రాత్రి, బాగా పండింది, ఒక తొన. ముక్కు మూసుకుని మొదలుపెట్టి మధ్యలో వదిలేసింది ముక్కుని.